శల్గం ఏ రకం, ఏ కార్తెల: రైతు వేదికల మాట్లాడిన మాటలు

వెనక కూసున్నోళ్లకు ఇనవడుతుందా? మైకు జర గరగర అంటుంది... సరే, ఇనవడకుంటే చెయ్యి లేపుండ్రి, గట్టిగ మాట్లాడత. అందరికీ నమస్తే. పెద్దమనుషులకు, అక్కలకు, ఇగ మా వాడకట్టు నుంచి వచ్చిన తమ్ముళ్లకు. నన్ను యాసంగి కూరగాయల గురించి నాలుగు ముచ్చట్లు చెప్పమని పిలిచిండ్రు, నేను అన్నిటి గురించి చెప్పను, టమాట, వంకాయ మీకు నాకంటె ఎక్కువ తెలుసు, నేను ఒక్క శల్గం గురించే చెప్త అని ఒప్పుకొని వచ్చిన. శల్గం అనంగనే ముందు వరుసల ఇద్దరు ముగ్గురు నవ్విండ్రు, నేను చూసిన. నవ్వుండ్రి పర్వాలే, నేను మొదటిసారి ఏసినప్పుడు మా ఇంట్లనే నవ్విండ్రు.

ఇగో సంచిల రెండు తెచ్చిన. ఒకటి ఇది, తెల్లది, నా మడిల నుంచి పొద్దుగాల పీక్కొచ్చిన, ఇంకా మట్టి గూడ పోలే. ఇది రెండోది, పైన ఊదా రంగు, కింద తెలుపు, చూడనీకి బొమ్మ లెక్క ఉన్నది, నిన్న గుడిమల్కాపూర్ మార్కెట్ల కొనుక్కొచ్చిన, చల్ల దేశం నుంచి బండిమీద దిగిన సరుకు ఇది. ఈ రెండు మీ చేతుల్ల తిరగనియ్యుండ్రి, మాట్లాడుకుంట మల్ల కోసి చూపిస్త. కత్తి గూడ తెచ్చుకున్న.

ముందుగాల పేరు పంచాయితి తెంపుకుందాం. ఇది శల్గం, ఇంగ్లీషుల టర్నిప్ అంటరు. పట్నంల తురకం మాట్లాడేటోళ్ల ఇండ్లల్ల శల్గం గోష్ అని మటన్‌ల ఏసి వండుతరు, చలికాలం వచ్చిందంటె మెహిదీపట్నం రైతు బజార్ల అడిగి మరీ కొంటరు. ఇది ముల్లంగి కాదు. ముల్లంగి దీని దూరపు చుట్టం, ఇద్దరిదీ ఆవాల ఖాందానే గాని ఇల్లు వేరు. బీట్‌రూట్ అయితె చుట్టమే కాదు, అది పాలకూర, తోటకూర దిక్కు. ఇగ మనోళ్లు ఎక్కువ తప్పు పడేది నూల్‌కోల్ కాడ. మా బామ్మర్ది ఒకసారి మార్కెట్ల నూల్‌కోల్ కొనుక్కొచ్చి, బావా నీ శల్గం కిలో తెచ్చిన అని నా ముందల పెట్టిండు. గుర్తు చాలా సులువు. నూల్‌కోల్ అనేది భూమి మీద ఊరే కాండం, దాని గడ్డకు పక్కలకెల్లి ఆకులొస్తయి, ఆకు తెంపినకాడ మచ్చలుంటయి. శల్గంకి ఆకులన్నీ నెత్తి మీదికెల్లే, కుచ్చు లెక్క, పక్కలన్నీ నున్నగ ఉంటయి, కింద సన్నగ ఎలుక తోక లెక్క ఒక వేరు. మనం గడ్డ అనుకునేది అసలు వేరు కాదు, వేరుకి కాండానికి నడుమల ఉన్న మెడ లావై అట్ల అయితది, నిజమైన వేరు ఆ తోకనే.

ఇగ నా కథ చెప్పకుంటె ముందుకు పోదు. మా ఊరు దేవరకొండ దిక్కు, ఎర్ర చెల్క, ఒక బోరు, బోరుకింద ఎకరంనర పారుతది, మిగిలింది వానాకాలం పత్తి, కంది. ఒక ఏడు పట్నంల విత్తనాల దుకాణంల టమాట గింజలకని పోయిన, అక్కడ ఒక ప్యాకెట్ వేలాడుతుంది, దాని మీద ఇగో ఈ ఊదా బొమ్మ. దుకాణపాయన్ని అడిగిన, అన్నా ఇది మన దగ్గర వస్తదా అని. ఎక్కడైనా వస్తది, ఎప్పుడైనా ఏసుకో, 50 రోజులల్ల చేతికొస్తది అన్నడు. దుకాణం పేరెందుకు గాని, ఆయన గూడ కావాలని అబద్ధం చెప్పలే, ఆయనకి తెలిసింది ప్యాకెట్ మీద రాసిందే. నేను తెచ్చి వినాయకచవితి అయిన మూడో రోజు రెండు గుంటలు, అంటె ఎకరంల ఇరవయ్యో వంతు, ఏసిన. మొలిసింది బ్రహ్మాండంగ. ఆకు మోకాలు దాంక వచ్చింది, బర్రెలు అటు చూసుకుంటనే నడిచేటియి. కింద దవ్వి చూస్తె ఏమున్నది, బొటనవేలంత మెడ, పీచు, నోట్ల పెట్టుకుంటె ఆవపిండి నమిలినట్టు ముక్కుల నుంచి నీళ్లు. రెండు గుంటలు మొత్తం బర్రెలకే ఏసిన. మా ఆమె ఇప్పటికి గూడ అంటది, నువ్వు చదువుకున్న గడ్డి ఏసినవ్ అని.

తప్పెక్కడ జరిగిందో నాకు రెండేండ్లు పట్టింది తెలుసుకోనీకి. తప్పు గింజల లేదు, నా చెల్కల లేదు. రకానికి కార్తెకి పొత్తు కుదరలే, గంతే. నేను ఇయ్యాల చెప్పేది మొత్తం ఈ ఒక్క ముచ్చటే, మిగిలినయి దానికి కొమ్మలు.

శల్గంల రెండు తెగలున్నయి. ఒకటి ఆసియా తెగ, మన దేశపుది అనుకోరాదుండ్రి. రెండోది యూరప్ తెగ, చల్ల దేశపుది. ఈ రెండోది ఎండని ఓర్చుకోదు. గడ్డ మంచిగ ఊరాలంటె దానికి 10 నుంచి 15 డిగ్రీల చల్లదనం కావాలె, అంటె స్వెట్టరు ఏసుకునే చలి. ఎండ తగిలితే ఆకు పెంచుకుంటది గాని గడ్డలకి తిండి పంపదు, పంపిన కాడికి పీచయితది, ఘాటయితది. ఆ ఘాటు ఏందో కాదు, ఆవాలల్ల ఉండే ఘాటే, ఖాందాన్ ఒక్కటే కదా. తినేటప్పుడు రుచి దేనిదంటె యూరప్ దానిదే, తియ్యగ మెత్తగ ఉంటది, అందులో అబద్ధం లేదు. ఆసియా తెగ జర కారంగ ఉంటది గాని మన ఎండలకి నిలబడ్తది, తొందరగ వస్తది, పైగ మైదానంలనే పూత పెట్టి గింజ కడ్తది. యూరప్ దానికి గింజ కావాలంటె కొండలకి పోవాలె, గట్టి చలి తాకితేనే అది పూస్తది. అందుకే ఆ గింజలు కులూ లోయ, కశ్మీరు దిక్కు పండిస్తరు.

ఇప్పుడు పేర్లకొద్దాం. రాసుకునేటోళ్లు రాసుకోండ్రి.

పూసా స్వేతి. ఇదే నేను పీక్కొచ్చిన తెల్లది. ఆసియా తెగ. 40, 45 రోజుల పంట. ఉత్తర భారతంల ఆగస్టు, సెప్టెంబర్లనే ఏస్తరు, అంటె ఎండకి భయపడేది కాదు. నేను ఉత్తర కార్తె మొదట్ల, అంటె సెప్టెంబర్ నడుమల ఏసిన, ఇయ్యాలకి 42 రోజులు, మీ చేతుల్ల ఉన్నది. మధ్యల ఆ ముసురు పట్టి సగం కుళ్లింది, అది గూడ చెప్తున్న, అంతా మంచిగ వచ్చిందని చెప్పి పోతె రేపు మీరు నన్ను తిడ్తరు. చిత్త కార్తె కంటె ముందు ఎవరన్న ఏస్తమంటె ఈ రకం తప్ప ఇంకోటి చేతుల పట్టుకోకుండ్రి.

అవునా, ఏంది తమ్ముడు... పూసా అంటె ఏందని అడుగుతుండు. మంచి ప్రశ్న. పూస అనుకునేవు, కాదు. పూసా అనేది బిహార్‌ల ఒక ఊరు. బ్రిటిషోళ్లు 1905ల అక్కడ వ్యవసాయ పరిశోధన సంస్థ పెట్టిండ్రు. 1934ల పెద్ద భూకంపం వచ్చి ఆ బిల్డింగు దెబ్బతిన్నది, 1936ల సంస్థని ఢిల్లీకి మార్చిండ్రు. ఊరు ఇడిసిపెట్టిండ్రు గాని పేరు ఇడవలే, అక్కడినుంచి వచ్చే రకాలకి ఇప్పటికి పూసా అనే పేరే ముందల పెడ్తరు. మన అల్లుండ్లని ఊరి పేరుతోటి పిలిచినట్టు.

పూసా కాంచన్. ఇది నాకు అన్నిటికంటె ఇష్టం, మొగమాటం లేకుండ చెప్త. ఎర్ర గుండ్రటి దేశవాళీ రకానికి, గోల్డెన్ బాల్ అనే యూరప్ రకానికి పెండ్లి చేసి పుట్టించిండ్రు. పైన తోలు ఎరుపు, లోపల మీగడ పసుపు. తల్లి దిక్కుకెల్లి ఎండ తట్టుకునే గుణం, తండ్రి దిక్కుకెల్లి రుచి. స్వాతి కార్తె దీనికి. అంటె ఇప్పుడు, అక్టోబర్ ఆఖర్ల. ఇయ్యాల ఇంటికి పోయి మడి కట్టుకున్నా టైమే.

పూసా చంద్రిమ, పూసా స్వర్ణిమ. ఇవి రెండు చలి రకాలు, పేర్లు అక్కచెల్లెళ్ల లెక్క ఉన్నయి, నిజంగ గూడ అంతే, ఇద్దరి ఒక దిక్కు పుట్టుక జపనీస్ వైట్ అనే రకం. రెండో దిక్కు చంద్రిమకి స్నోబాల్, స్వర్ణిమకి మల్ల అదే గోల్డెన్ బాల్. చంద్రిమ తెల్లగ, 50 నుంచి 60 రోజులు. స్వర్ణిమ లోపల లేత పసుపు, 65, 70 రోజులు తీసుకుంటది. స్వర్ణిమ ఏస్తె విశాఖ కార్తె దాటనియ్యకుండ్రి, ఎందుకంటె 70 రోజులు లెక్కపెట్టుకోండ్రి, నవంబర్ నడుమల ఏస్తె జనవరి ఆఖరుకి పోతది, అప్పటికి మన దగ్గర పగటి ఎండ చురుక్కుమంటది.

ఇగ ఈ ఊదా దొర. పర్పుల్ టాప్ వైట్ గ్లోబ్. లోకం మొత్తం శల్గం అంటె ఈ బొమ్మనే వేస్తరు. 55, 60 రోజులు. మన దగ్గర విశాఖ, అనూరాధ కార్తెలల్ల ఏస్తె గడ్డ ఊరే టైముకి పుష్యమాసం చలి దొరుకుతది, రాత్రిపూట 15కి అటు ఇటు పడ్తది కదా మన దిక్కు, అది దానికి చాలు, పండుగ కాదు గాని పస్తు గూడ కాదు. నేను చవితికి ఏసి చెడిన గింజనే రెండేండ్ల తర్వాత కార్తీక పున్నమి అయినంక ఏసిన. అదే చెల్క, అదే నీళ్లు. పిడికిలంత లావు గడ్డలు, కొరికితె ఆపిల్ పండు లెక్క కరకర. ఆ రోజు నాకు సంతోషమైంది, మల్ల ఆ మొదటి ప్యాకెట్ పైసలు గుర్తొచ్చి బాధ గూడ అయింది.

ఏదీ, రెండు గడ్డలు ఇటియ్యుండ్రి, కోస్త. ... ఇగో చూడుండ్రి దగ్గరికి రాండ్రి ముందు వరుసోళ్లు. ఊదా దాన్ని నిలువుకి కోసిన. ఊదా రంగు లోపటికి పోలే, తోలు మీదనే ఆగింది, చూసిండ్రా? అందులో గూడ సగానికే ఉన్నది. ఎందుకు సగమే? మట్టి మీదికి తేలిన భాగానికి ఎండ తగిలి ఊదా ఎక్కుతది, మట్టిల ఉన్నది తెల్లగనే ఉంటది. అంటె ఈ గీత ఉన్నది చూడు, ఇది మట్టి గీత. గడ్డ ఎంత మునిగి ఉండెనో ఆ గీత చెప్తది. అందుకే దీనికి మట్టి ఎగదోసుడు అవసరం లేదు, ముల్లంగికి ఎగదోసినట్టు దీనికి దోస్తె రంగు రాదు, మార్కెట్ల రంగు లేనిది ఎవడు కొంటడు.

ఇప్పుడు నా తెల్లది... ఇది గూడ నిలువుకి. చూడుండ్రి నడుమల. ఇదిగో ఈడ, గోరంత జాగల, దూది లెక్క పొడిపొడిగ ఉన్నది. దీన్నే బెండు అంటం. బెండు పడుడు మొదలైంది. ఇంకా నాలుగు రోజులు ఆగితే మొత్తం బెండే. చూసిండ్రా, 42 రోజులే, గడ్డ చూస్తె ఇంకా చిన్నగనే ఉన్నది, మనకేమనిపిస్తది, ఇంకొంచెం లావు కానీ అనిపిస్తది. ఆ ఆశనే కొంప ముంచుతది. స్వేతి లాంటి తొందర రకాలని నిమ్మకాయకి కొంచెం పెద్దగ, మన బత్తాయి కంటె చిన్నగ ఉన్నప్పుడే పీకాలె. నల్లగొండోళ్లకి బత్తాయి కొలత నేను చెప్పాల్నా. (నవ్వులు) ఊదాది బత్తాయంత దాంక ఆగుతది చలిల. అంతకు మించి దేన్నీ ఆగనియ్యొద్దు.

హైబ్రిడ్ల గురించి అడుగుతున్నరు అక్క. ఉన్నయి అక్కా. జపానోళ్లు ఇందుల మొనగాళ్లు. టోక్యో క్రాస్ అని ఒకటి, 35 రోజులల్ల తెల్లటి గడ్డ వస్తది, హకురై అని ఇంకోటి, 40 రోజుల లోపే, అది వండనవసరమే లేదు, పచ్చిదే కోసుకుని ఉప్పు చల్లుకుని తింటరు, పట్నంల పెద్ద హోటళ్లల్ల సలాడ్‌కి వాడ్తరు. గింజ ధర మాత్రం బాగ ఎక్కువ, చిన్న ప్యాకెట్ల లెక్కపెట్టినట్టు ఇస్తరు. నేను పెరటికి అయితె సరే అంట, చెల్కకి వద్దంట. ఇంకో సంగతి, హైబ్రిడ్ గింజ మల్ల కట్టుకుంటె అదే గుణం రాదు. స్వేతిది అయితె గింజ మీరే కట్టుకోవచ్చు, నాలుగు మంచి గడ్డలు ఏరి, ఆకు పైపైన కోసి, మల్ల నాటాలె, పసుపు పూత వస్తది, ఆవ పూత లెక్కనే. గాని ఒక్క మొక్కతోటి కాదు, దాని పుప్పొడి దానికే పట్టదు, పక్క మొక్కది తేనెటీగ తేవాలె, అందుకే పది పదిహేను మొక్కలన్న గుంపుగ ఉండాలె. చుట్టుపక్కల కిలోమీటరు లోపట ఇంకో రకం శల్గం గాని, చైనా క్యాబేజీ గాని, ఉత్తరాదోళ్ల తోరియా ఆవాలు గాని పూతల ఉంటె కలిసిపోతది, ఒకటే జాతి అవన్ని. మన దిక్కు అవి ఎవరేస్తరు లే, ఆ భయం తక్కువ మనకి.

భూమి సంగతి. నల్లరేగడోళ్లు చెయ్యి లేపుండ్రి... మీకు జర కష్టం అన్నా. గడ్డ వంకరటింకరగ వస్తది, పీకుడు ఇంకా కష్టం. బోదె మీద ఏసుకుంటె కొంత నయం. మన ఎర్ర చెల్క దీనికి సరిపోతది గాని చెల్కకి ఒక రోగం ఉన్నది, మీకు తెలుసు, ఒక్క వాన పడి ఎండ కొడితె పైన పొర కడ్తది, అప్పడం లెక్క. శల్గం గింజ ఎంతుంటది, ఆవగింజంత, గ్రాముకి మూడు నాలుగు వందలు వస్తయి. ఆ పొర దాన్ని లేవనియ్యదు. నేనేం చేస్తనంటె, అడుగు దూరం గీతలు గీస్త, గీత లోతు గోరంత, అంతే, గింజ కంటె లోతు పోతె రాదు. గింజకి నాలుగింతల పొడి ఇసుక కలుపుత, లేకుంటె చేతిల నుంచి కుప్పగ పడ్తది. గింజ పోసినంక మీద మట్టి కప్పను, బాగ మాగిన పెండ ఎరువు జల్లెడ పట్టి ఆ పొడిని గీత మీద చల్లుత. పొడి ఎరువు పొర కట్టదు, మొలక దాన్ని ఎత్తుకొని పైకి వస్తది. మూడో రోజు నాలుగో రోజుకి గీతలు పచ్చగ కనవడ్తయి. ఆ నాలుగు రోజులు రోజ్‌కేను తోటి పొద్దుగాల ఒకసారి మాపటికి ఒకసారి చల్లుడే, కాల్వ ఇడిస్తె గింజంతా కొట్టుకపోయి మూలకి పోయి మొలుస్తది. గుంటకి 30, 40 గ్రాముల గింజ సరిపోతది.

పచ్చి పెండ మాత్రం ఎయ్యకుండ్రి, గడ్డ రెండు కాళ్లు మూడు కాళ్లు చీలుతది. యూరియా ఎక్కువ గుమ్మరిస్తె నా మొదటి ఏడు లెక్కనే, ఆకు ఎక్కువ గడ్డ తక్కువ.

ఇగ మనోళ్లకి చేతుల రానిది ఒక్కటి చెప్త, ఒత్తు పీకుడు. పాణం ఒప్పదు. మొలిసిన మొక్కని పీకి పారేసుడా అని. నేను గూడ మొదట్ల వదిలేసిన, ఒకదానికొకటి ఒత్తుకొని ఒక్కటి గూడ ఊరలే. మూడు ఆకులు రాంగనే బెత్తెడుకి ఒక మొక్క ఉంచి మిగిలినయి పీకెయ్యాలె. పారేయనవసరం లేదు, ఆ లేత మొక్కలు పెసరపప్పుల ఏసి వండితె, మా అమ్మ అయితె ముల్లంగాకు కంటె ఇదే బాగున్నదన్నది, ఆమె మెచ్చుకున్న కూర ఏడాదికి ఒకటుంటది. గడ్డ కంటె ఆకులనే విటమిన్లు ఎక్కువ ఉంటయి దీంట్ల, అందుకే కొన్ని రకాలు ఆకు కోసమే పెంచుతరు, సెవెన్ టాప్ అని ఒక రకం ఉన్నది, దానికి గడ్డే ఊరదు, ఆకే. నా మొదటి ఏడు పంటని ఆ రకం అని చెప్పుకుంటె ఇజ్జత్ పోకుండె.

బోరాన్ గురించి, అంటె పంటకి కొంచెమే కావాల్సిన ఒక పోషకం గురించి చెప్పమని చీటి పంపిండ్రు, సంతోషం, ఎవరో చదువుకున్నోళ్లు. గడ్డ పైకి బాగుండి కోస్తె నడుమల గోధుమ రంగు మచ్చ, నీళ్లు పట్టినట్టు, ఆఖరికి డొల్ల, అది రోగం కాదు, బోరాన్ లేక. తేలిక చెల్కలల్ల ఇది మామూలే, వానకి కిందికి కొట్టుకపోతది. ఎకరానికి 4 కిలోల బోరాక్స్ దుక్కిల ఏస్తరు, అంటె రెండు గుంటల మడికి 200 గ్రాములు, ఇసుకల కలిపి చల్లాలె. ఎక్కువైతె విషం అయితది, అటెనుక ఏసే పంటకి గూడ. నేనైతె మట్టి పరీక్ష చేయించినంకనే ఏసిన, కంపాసాగర్ల, అటు పాలెంల కృషి విజ్ఞాన కేంద్రాలున్నయి మనకు, ఎవరికి ఏది దగ్గరైతె అక్కడ అడుగుండ్రి.

పురుగులు, గబగబ చెప్త. మొలకల మీద ఆవగింజంత నల్ల పురుగు, చెయ్యి పెడ్తె ఎగిరి దుంకుతది, ఆకుకి సూదితో పొడిచినట్టు బొక్కలు. యాపనూనె కొట్టుండ్రి, పొద్దుమీకినంక. పుష్యం, మాఘంల మబ్బు పడితె పేనుబంక, దానికీ అదే. ఇంకోటి మీరు గుర్తుపట్టాలె, నల్లటి పిల్లపురుగు, ముట్టుకోంగనే చుట్టలు చుట్టుకొని కింద పడి సచ్చినట్టు నటిస్తది. దానికి మందు నా దగ్గర ఒకటే ఉన్నది, పొద్దుగాల పొద్దుగాల మా పిల్లలు ఒక డబ్బాల సబ్బునీళ్లు పోసుకొని మొక్క కింద పట్టి ఆకు తడ్తరు, అన్ని వచ్చి డబ్బాల పడ్తయి. దాని నాటకం దానికే ఎదురు తిరుగుతది. మిట్టమధ్యాహ్నం పోతె దొరకది, ఎండకి మట్టిల దాక్కుంటది.

ఏంది చిన్నాయనా? ... బర్రెలకి ఏసుకోవచ్చా, ఎకరం పెడ్తె ఎండాకాలం గడ్డి బాధ తీర్తదా అని అడుగుతుండు. ఆయన అడిగినది నిజంగ పెద్ద ప్రశ్న, ఎందుకంటె శల్గం లోకంల పేరు సంపాయించిందే పశువుల మేతగ. ఇంగ్లండ్‌ల చార్లెస్ టౌన్‌షెండ్ అని ఒక జమీందారు ఉండె, రాజకీయాలల్ల పెద్ద మంత్రి, 1730ల ఆ పదవి ఇడిసిపెట్టి ఊరికి పోయి ఎవుసం పట్టిండు. గోధుమ, శల్గం, బార్లీ, క్లోవర్ గడ్డి, ఇట్ల నాలుగేండ్ల పంట మార్పిడి ఆ నార్ఫోక్ దిక్కున మొదలే ఉన్నది, దాన్ని ఆయన ఊరూరికి ఎక్కించిండు. అక్కడ చలికాలం మేత దొరకదు, శల్గం ఉంటె పశువులు చలికాలం దాటుతయి, వాటి పెండ మల్ల భూమికి. ఎక్కడ కూసున్నా శల్గం ముచ్చటే చెప్తుండని ఆయనకి టర్నిప్ టౌన్‌షెండ్ అని పేరు పెట్టిండ్రు. మా ఊర్ల నాకు గూడ అసొంటిదే పెట్టిండ్రు, అది ఇక్కడ చెప్ప.

గాని చిన్నాయనా, వాళ్ల కరువు చలికాలంల, మన కరువు ఎండాకాలంల. శల్గం చేతికొచ్చేది మనకు మేత ఉన్న రోజులల్లనే. పాలమూరు ఎండకి చైత్రంల శల్గం ఎక్కడ నిలబడ్తది. దాచిపెట్టనీకి గూడ రాదు, మన వేడికి వారంల ముడతలు పడ్తది. కశ్మీరోళ్లు చక్రాలు కోసి దండ గుచ్చి ఎండబెట్టి మంచుకాలంల వండుకుంటరు, అది మనుషులకి, బర్రెలకి గాదు. మేత కోసమని ఎకరం పెట్టకు, దాని బదులు జొన్న చల్లుకో. ఉన్న ఆకు, బెండు గడ్డ మాత్రం బర్రెకి ఏసుకో, గడ్డని చిన్న ముక్కలు కొట్టి ఎయ్యి, గుండ్రటిది మింగితె గొంతుల పడ్తది. పాలు పిండేముందు ఎయ్యకు, పిండినంక ఎయ్యి, లేకుంటె పాలల్ల ఆవ వాసన వస్తదని చాయ్ హోటలాయన వాపస్ పంపుతడు.

రుటబాగా, స్వీడ్ అని ఇంకోటి ఉంటది, యూట్యూబుల చూసి ఇద్దరు నన్ను అడిగిండ్రు. అది శల్గంకి క్యాబేజీకి పుట్టిన బిడ్డ. నిజంగనే, శల్గంల 20 క్రోమోజోములు, క్యాబేజీల 18, దాంట్ల 38. కూడిక సరిపోయింది కదా. ఈ చుట్టరికాల లెక్కని 1935ల జపాన్‌ల పనిచేసిన ఒక కొరియా సంతతి శాస్త్రవేత్త తేల్చిండు, ఆయన పేరు మీదనే యూ త్రిభుజం అంటరు. చదువుకునే పిల్లలు వెతుక్కోండ్రి, మజా ఉంటది. ఏసుడు మాత్రం వద్దు, దానికి మూడు నెలలకి పైన చలి కావాలె, మన దగ్గర మూడు నెలల చలి ఎక్కడిది.

అమ్ముడు. ఇది నేను ఉన్నదున్నట్టు చెప్త, ఎందుకంటె ఎవరన్న నా మాట ఇని ఎకరం ఏసి రేపు నా ఇంటి ముందట కూసోవద్దు. శల్గంకి గిరాకి ఉన్నది గాని సన్నటి గిరాకి. మన నల్లగొండల, పాలమూరుల అంగడికి తీసుకపోతె, ఇదేంది అని చేతిల పట్టుకుని చూసి పెట్టిపోతరు. కొనేటోళ్లు పట్నంలనే, తురకోళ్ల ఇండ్లు, ఉత్తరాది నుంచి వచ్చి ఉన్నోళ్లు, హోటళ్లు. ఒక బండి అదనంగ దిగితె ఆ రోజు అడ్తికాడ ధర కుదేలయితది. నేను ఒక్కసారి గూడ రెండు గుంటల కంటె ఎక్కువ ఏసుకోలే. స్వాతిల అర గుంట, విశాఖల అర గుంట, అనూరాధల అర గుంట, ఇట్ల పది పన్నెండు రోజులకి ఒకసారి గీతలు గీసుకుంట పోత. మా ఊరి కూరగాయల ఆటో రోజూ పట్నం పోతది, టమాట పెట్టెల పక్కన నా రెండు గంపలు పోతయి. ఆకుతోటి కట్ట కట్టి పంపితె తాజా అని తొందరగ పోతది, గాని మధ్యాహ్నం దాటితె ఆకు వాడి గడ్డ గూడ ముసలిదనిపిస్తది, అందుకే దూరమోళ్లు ఆకు రెండేళ్లంత ఉంచి కోసి పంపుండ్రి. సంక్రాంతి ముగ్గులు పడ్డంక ఇగ గింజ ముట్టుకోవద్దు, ఎంత చలి ఉన్నా సరే, అది పోయే చలి.

అవ్వ ఏదో అంటుంది, మైకు ఇయ్యుండ్రి... వండుడు ఎట్ల అని. అవ్వా, మటన్‌ల ఏస్తె ఆలుగడ్డ ఎప్పుడు ఏస్తవో అప్పుడే ఎయ్యి, ముందుగాల ఏస్తె కరిగిపోతది. మటన్ లేనినాడు తోలు తీసి ముక్కలు కోసి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, పోపుల ఆవాలు మాత్రం తక్కువ, దాంట్లనే ఉన్నది ఆవ. ఘాటు ఎక్కువున్న గడ్డ అయితె ఉప్పునీళ్లల్ల ఒక పొంగు రానిచ్చి పారబొయ్యి. మా కోడలు తురిమి పెరుగు పచ్చడి చేస్తది, ఊదాదానితోటి అయితె పిల్లలు గూడ తింటరు. కందిపప్పుల ఏస్తె నాకైతె నచ్చలే.

టైమైందని సార్ గడియారం చూపిస్తుండు. గింజలు తెచ్చిన, పూసా కాంచన్, కాగితం పొట్లాలు కట్టిన, ఒక్కొక్క దాంట్ల అయిదు గ్రాములు, పెరట్ల చిన్న మడికి వస్తది. ఇంటికొకటే, ఇద్దరు వచ్చినోళ్లు రెండు అడగొద్దు. పొట్లం మీద తారీఖు రాసిన, ఆ లోపు ఏసుకోండ్రి, దాటితె పోపుల ఏసుకోండ్రి. ఇగో ఈ కోసిన ముక్కలు గూడ ఉన్నయి, ఊదాది ముందు తిని, అటెనుక నా తెల్లది తినుండ్రి, నాది ముందు తింటె నోరు మండి ఊదాది తెల్వదు. ఉప్పు తెచ్చుడు మర్చిపోయిన, ఎవరన్న ఆ పక్క చాయ్ హోటల్‌ల చిటికెడు అడుక్కొస్తరా?